కొండ మీది రిపీటర్ కంప్యూటర్ ఐపీ అడ్రస్ మాకు ఎలా దొరికిందంటే

మీరు అడిగింది ఇది: మా హ్యామ్ రేడియో (లైసెన్సుతో నడిపే ఔత్సాహిక రేడియో) క్లబ్ రిపీటర్, అంటే బలహీనమైన సిగ్నల్‌ని అందుకుని దూరానికి తిరిగి పంపే రేడియో, ఊరికి దూరంగా టవర్ కింద షెడ్‌లో ఉంది. దాన్ని నడిపే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ (ఇకపై వట్టి ‘పై’ అంటే ఇదే) ఐపీ అడ్రస్ ఎవరికీ తెలియదు. పెట్టినాయన వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. దానికి మానిటర్ లేదు, కీబోర్డ్ లేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడికి వెళితే లోకల్ నెట్‌వర్క్‌లో దాన్ని ఎలా పట్టుకోవాలి?

నేను నార్త్ కరోలినాలో ఉంటానండీ. పోయినేడాది సరిగ్గా ఇదే పని మీద ఒక శనివారమంతా కొండ మీద గడిపాను. అక్కడ తెలుసుకున్నది మొత్తం రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు ఇంట్లో కూర్చునే చేయాల్సిన పని ఒకటుంది. హ్యాండ్‌హెల్డ్ (చేతి రేడియో) తీసుకుని బటన్ నొక్కి రిపీటర్‌ని కీ చేసి వినండి. వదిలాక కర్టసీ టోన్, అంటే మాట ముగిసిందని చెప్పే చిన్న బీప్, వస్తోందా? పది నిమిషాల్లోపు కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) చెబుతోందా? మీ పై కంప్యూటర్ మీద రిపీటర్‌ని నడిపే ఆల్‌స్టార్ గానీ ఎస్‌వీఎక్స్‌లింక్ గానీ అనే సాఫ్ట్‌వేర్ ఉండి, అదే రిపీటర్ కంట్రోలర్‌గా పనిచేస్తుంటే, ఆ టోన్, ఆ కాల్‌సైన్ దాని నోటి నుంచి వస్తున్నవే. అంటే కంప్యూటర్ బతికే ఉంది, పోయింది నెట్‌వర్క్ దారి మాత్రమే. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది. ఏ టోనూ లేకుండా మౌనంగా ఉంటే మాత్రం దాని సాఫ్ట్‌వేర్ ఉండే ఎస్‌డీ కార్డు పోయిందేమో అనుకుని వేరే కార్డు కూడా సిద్ధం చేసుకుని వెళ్లండి.

మా సంగతి చెబుతాను. మా క్లబ్ రిపీటర్‌ని ఏళ్ల తరబడి ఒక్కాయనే చూసుకునేవారు. ఆయన సైలెంట్ కీ అయ్యారు. రేడియో వాళ్లం చనిపోయిన ఆపరేటర్‌ని అలాగే అంటాం. ఆయన భార్య ఒక నోట్‌బుక్ తెచ్చి మా చేతిలో పెట్టారు. అందులో పాస్‌వర్డ్ ఉంది, ఫ్రీక్వెన్సీలున్నాయి, 192.168.1.50 అని ఒక అడ్రస్ కూడా రాసి ఉంది. ఈలోగా టవర్ దగ్గర ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు మాకు చెప్పకుండా రౌటర్ మార్చేశారు. రిపీటర్ అక్కడికక్కడ పనిచేస్తోంది, కానీ పక్క కౌంటీ రిపీటర్లతో లింకు తెగిపోయింది.

ఆ లింకు మాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. 2024 సెప్టెంబర్ చివర్లో హెలీన్ తుఫాను వచ్చి మా రాష్ట్రం పడమటి కొండల్లో రోడ్లు కొట్టుకుపోయి, కరెంటు, ఫోన్లు పోయినప్పుడు మౌంట్ మిచెల్ మీదున్న 145.190 మెగాహెర్ట్జ్ రిపీటరే వేలమందికి దిక్కైంది. మా అన్నయ్య ఎక్కడున్నాడు, ఫలానా వీధికి మందులు చేరాయా అని జనం ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే నేను ఇంట్లో కూర్చుని విన్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టినప్పుడు మా పిన్ని వాళ్లు అక్కడే ఉన్నారు, మూడు రోజులు వాళ్ల గొంతు వినలేదు. అప్పుడు అక్కడికి కూడా హ్యామ్ ఆపరేటర్లు వెళ్లి రేడియోలు పెట్టారు. కాబట్టి షెడ్‌లో ఒక చిన్న కంప్యూటర్ అడ్రస్ తెలియకపోవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

నాకు రేడియో నేర్పిన పెద్దాయన, డెబ్బై ఎనిమిదేళ్లు, నాతో వచ్చారు. షెడ్ తలుపు తీయగానే ఆయన చెప్పిన మొదటి మాట, దేన్నీ ముట్టుకోవద్దు, ముందు ఫోటోలు తీయి అని. ఏ కేబుల్ ఎక్కడ దూరుతోందో, నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే స్విచ్‌లో ఏ పోర్టు దగ్గర లైటు వెలుగుతోందో అన్నీ తీశాను. పై కంప్యూటర్ ఈథర్‌నెట్ పోర్టు దగ్గర లైటు మినుకుమంటోంది. అంటే కేబుల్ బాగానే ఉంది, అవతల స్విచ్ దాన్ని గుర్తిస్తోంది. ఆ లైటు వెలగకపోతే ఐపీ అడ్రస్ కోసం వెతకడం దండగ, ముందు కేబుల్ మార్చాలి.

ల్యాప్‌టాప్‌ని అదే స్విచ్‌కి కేబుల్‌తో తగిలించండి. వైఫైతో వద్దు. చాలా రౌటర్లలో గెస్ట్ వైఫైలో ఉన్న మనిషికి తోటి పరికరాలు కనబడకుండా అడ్డుగోడ ఉంటుంది, మీరు గంటసేపు వెతికినా ఏమీ దొరకదు. కొత్త ల్యాప్‌టాప్‌లకి ఈథర్‌నెట్ పోర్టే ఉండట్లేదు కనుక యూఎస్‌బీ అడాప్టర్ మర్చిపోవద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే వీపీఎన్ ఆపేయండి. విండోస్ లోపల లైనక్స్ నడుపుతుంటే అది తన సొంత వర్చువల్ నెట్‌వర్క్‌నే వెతికి ఏమీ లేదని చెబుతుంది, దానికీ మోసపోవద్దు.

తర్వాత మీ ల్యాప్‌టాప్‌కి వచ్చిన అడ్రస్, మాస్క్ (నెట్‌వర్క్ హద్దు చెప్పే నంబరు), గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్ అడ్రస్) చూసుకోండి. మాకు 10.0.0 తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. నోట్‌బుక్‌లో ఉన్నది 192.168.1 తో మొదలవుతోంది. అంటే రౌటర్‌తో పాటు నెట్‌వర్క్ నంబరే మారిపోయిందని అక్కడే అర్థమైంది. అయినా ఒక వరసలో వెళ్దామనుకున్నాం.

రౌటర్ పేజీ తెరవగలిగితే దానికి కలిసిన పరికరాల పట్టిక చూడండి, అన్నిటికన్నా తేలిక దారి అదే. మాకు ఆ పాస్‌వర్డ్ లేదు. ఉన్నా ఒక మాట గుర్తుంచుకోండి: తన అడ్రస్‌ని తానే ఖాయంగా పెట్టుకున్న కంప్యూటర్ రౌటర్‌ని అడ్రస్ అడగదు, కాబట్టి రౌటర్ పంచిన అడ్రస్‌లుండే డీహెచ్‌సీపీ పట్టికలో కనబడకపోవచ్చు. పట్టికలో లేదని లేనట్టు కాదు.

రెండోది, పేరుతో పిలవడం. పై-స్టార్ అనే డిజిటల్ రేడియో సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ అయితే బ్రౌజర్‌లో పై-స్టార్ డాట్ లోకల్ అని కొడితే చాలాసార్లు నేరుగా తెరుచుకుంటుంది. మామూలు రాస్‌బెర్రీ పై అయితే రాస్‌బెర్రీపై డాట్ లోకల్. లోకల్ అనే ఈ పేర్లని రౌటర్ కాదు, ఆ కంప్యూటరే విని జవాబిస్తుంది. ఒక్క నిమిషం పని, తప్పక ప్రయత్నించండి. పై-స్టార్‌లో ఇంకో సదుపాయం ఉంది. తనకి తెలిసిన వైఫై దొరక్కపోతే పై-స్టార్-సెటప్ అనే పేరుతో తానే ఒక వైఫై మొదలుపెడుతుంది. షెడ్ దగ్గర మీ ఫోన్‌లో ఆ పేరు కనబడితే దానికే కలవండి, అప్పుడు దాని అడ్రస్ 192.168.50.1.

మూడోది స్కాన్. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు వట్టి పింగ్‌తో, అంటే ఉన్నావా అని అడిగే చిన్న సందేశంతో, వెతకడం. పింగ్‌కి జవాబివ్వకుండా ఫైర్‌వాల్ ఆపేయగలదు. కానీ ఫలానా ఐపీ అడ్రస్ ఎవరిదని లోకల్ నెట్‌వర్క్‌లో అడిగే ఏఆర్‌పీ అలా కాదు. వీధిలో నిలబడి ఫలానా నంబరు ఇల్లు ఎవరిదని కేకేస్తే ఆ ఇంటివాళ్లు పలకాల్సిందే అన్నట్టు ఉంటుంది అది. ఏఆర్‌పీకి పలకకపోతే ఆ కంప్యూటర్‌కి అసలు నెట్‌వర్కే నడవదు. అందుకే ఎన్‌మ్యాప్ అనే స్కానర్‌ని ఎస్‌ఎన్ ఆప్షన్‌తో, తప్పకుండా సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపండి. సుడో ఇస్తే లోకల్ నెట్‌వర్క్‌లో అది ఏఆర్‌పీతోనే వెతుకుతుంది, పక్కనే మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ పోర్టుకి తయారీలోనే వచ్చే నంబరు), తయారీదారు పేరు కూడా చూపిస్తుంది. సుడో లేకపోతే మ్యాక్ అడ్రస్‌లు రావు, కొన్ని పరికరాలు తప్పిపోతాయి కూడా. విండోస్‌లో అయితే యాంగ్రీ ఐపీ స్కానర్ ఒకసారి నడిపి, తర్వాత కమాండ్ విండోలో ఏఆర్‌పీ పట్టిక చూడండి. పింగ్‌కి పలకనివి కూడా ఆ పట్టికలోకి వచ్చేసి ఉంటాయి.

మ్యాక్ అడ్రస్‌లో మొదటి మూడు జతలు తయారీదారుని చెబుతాయి. రాస్‌బెర్రీ పైలకి బి8:27:ఇబి, డిసి:ఎ6:32, ఇ4:5ఎఫ్:01, డి8:3ఎ:డిడి లాంటివి వస్తాయి. పై 3, అంతకు ముందువి ఎక్కువగా బి8తో మొదలవుతాయి.

మా స్కాన్‌లో డిసితో మొదలయ్యే పై ఒకటి దొరికింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పెద్దాయన మాత్రం తొందరపడొద్దన్నారు. అదే టవర్ మీద వేరేవాళ్ల వాతావరణ కేంద్రం కూడా ఉంది, దానికీ రాస్‌బెర్రీ పైనే వాడుతున్నారు. మనది కాని కంప్యూటర్ మీద పాస్‌వర్డ్‌లు కొట్టి చూడటం తప్పు, చట్టరీత్యా కూడా చిక్కే. మనదో కాదో దాని మీద తెరిచి ఉన్న పోర్టు నంబర్లు (ఒక్కో ప్రోగ్రామ్ వాడే నంబర్లు) చూసి చెప్పొచ్చు. ఆల్‌స్టార్ అయితే యూడీపీ 4569 వాడుతుంది. దాని కొత్త వెర్షన్, ఆల్‌స్టార్‌లింక్ 3లో 9090 పోర్టు మీద కాక్‌పిట్ అనే పేజీ ఉంటుంది. హ్యామ్‌వాయిప్ ఇమేజ్ (ఆల్‌స్టార్‌తో సిద్ధంగా వచ్చే కార్డు కాపీ) అయితే దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ మామూలు 22 కాకుండా 222 మీద ఉంటుంది. రేడియోలని ఇంటర్నెట్‌తో కలిపే ఎకోలింక్ 5198, 5199 వాడుతుంది. ఆ రోజు దొరికినదానికి ఇవేవీ లేవు, దాన్ని వదిలేశాం. అసలు స్కాన్ మొదలుపెట్టకముందే టవర్ యజమానికి ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాం, మీరూ తీసుకోండి. షెడ్‌లో పోలీసు రేడియోలు, ఇంటర్నెట్ కంపెనీల పరికరాలు ఉంటాయి. మన నెట్‌వర్క్ ముక్క వరకే వెతకాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మన కంప్యూటర్ స్కాన్‌లో కనబడలేదు, కానీ లైటు వెలుగుతోంది, రేడియోలో పలుకుతోంది. అలాంటప్పుడు అడ్రస్‌లు ఊహించి కొడుతూ కూర్చోవద్దు. అది తనంతట తాను మాట్లాడేదాకా ఆగి వినండి.

నేను ముందు ఊహించాను, అందుకే చెబుతున్నాను. ల్యాప్‌టాప్‌కి 192.168.1.10 అని చేత్తో పెట్టి, నోట్‌బుక్‌లో ఉన్న 50కి పింగ్ కొట్టాను. జవాబు లేదు. 192.168.0 వరస చూశాను. లేదు. అలా ముప్పావుగంట పోయింది. అప్పుడు పై కేబుల్‌ని స్విచ్ నుంచి తీసి నేరుగా నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి క్రాస్ కేబుల్ అక్కర్లేదు, మామూలుది చాలు. కేబుల్ మీద వెళ్లే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ తెరిచి, ఏఆర్‌పీ ప్యాకెట్లు మాత్రమే కనబడేలా ఫిల్టర్ పెట్టి చూస్తూ కూర్చున్నాం.

అర నిమిషం కూడా పట్టలేదు. తెర మీద ఒకే వరస మళ్లీ మళ్లీ పడటం మొదలైంది. 192.168.88.1 ఎవరు, 192.168.88.20కి చెప్పండి అని. పాపం, ఆ కంప్యూటర్ ఇన్ని నెలలుగా లేని రౌటర్‌ని పిలుస్తూనే ఉంది. ఆల్‌స్టార్ తన సర్వర్ల దగ్గర పేరు నమోదు చేసుకోవడానికి పదేపదే ప్రయత్నిస్తుంది కాబట్టి గేట్‌వే కోసం ఇలా అడుగుతూనే ఉంటుంది. అడిగేటప్పుడు తన అడ్రస్ కూడా చెప్పక తప్పదు. మనకి కావాల్సింది అదే. ఇంకో సంగతి కూడా తెలిసింది. 192.168.88 అనేది మైక్రోటిక్ రౌటర్లకి పుట్టుకతో వచ్చే నంబరు. అంటే నోట్‌బుక్ రాసిన తర్వాత ఎప్పుడో ఆయన అక్కడ మైక్రోటిక్ ఒకటి పెట్టారు, కాగితం మీద దిద్దలేదు. తెర మీద ఆ నంబరు చూసి పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ల స్నేహితులు వాళ్లిద్దరూ.

ల్యాప్‌టాప్ అడ్రస్‌ని 192.168.88.5, మాస్క్ 255.255.255.0 అని మార్చి ఎస్‌ఎస్‌హెచ్ కొడితే లోపలికి వెళ్లాం. నోట్‌బుక్‌లోని పాస్‌వర్డ్ మాత్రం సరిగ్గానే ఉంది. ఖాయం చేసిన అడ్రస్ తీసేసి డీహెచ్‌సీపీ పెట్టాం. ఇది ఎక్కడ మార్చాలన్నది సిస్టమ్‌ని బట్టి ఉంటుంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వార్మ్ నుంచి రాస్‌బెర్రీ పై ఓఎస్ నెట్‌వర్క్‌మేనేజర్ వాడుతోంది, అందులో ఎన్‌ఎం‌టీయూఐ అనే మెనూ ఉంటుంది. అంతకు ముందువాటిలో ఈటీసీ ఫోల్డర్‌లో డీహెచ్‌సీపీసీడీ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ చూడాలి. తర్వాత కేబుల్ మళ్లీ స్విచ్‌లో పెట్టి స్కాన్ చేస్తే 10.0.0 వరసలో కనబడింది, రెండు నిమిషాల్లో లింకు కలిసింది. అవతలి కౌంటీ నుంచి ఒకావిడ గొంతు స్పీకర్‌లో వినబడింది.

ఇలా కేబుల్ తీసి వినకుండా చేసే పద్ధతి ఒకటి తర్వాత తెలిసింది. ఐపీ అడ్రస్‌ల కొత్త పద్ధతి ఐపీవీ6లో ఎఫ్‌ఎఫ్02::1 అనే అడ్రస్‌కి పింగ్ కొడితే ఆ కేబుల్ మీదున్న ఐపీవీ6 పరికరాలన్నిటికీ అది చేరుతుంది. ఏ ఇంటర్‌ఫేస్ మీద పంపాలో మాత్రం చెప్పాలి. జవాబులు ఎఫ్‌ఈ80తో మొదలయ్యే అడ్రస్‌ల నుంచి వస్తాయి. 192.168 నంబరు ఎంత తప్పుగా ఉన్నా ఈ అడ్రస్‌కి సంబంధం లేదు, దానితోనే ఎస్‌ఎస్‌హెచ్ చేసేయొచ్చు. ఐపీవీ6ని ఆపేసి ఉంటే పనిచేయదు, అప్పుడు వైర్‌షార్కే గతి. మీరైతే ముందు ఇదే ప్రయత్నించండి.

ఇంకో దారి రేడియోనే. మనం వెతుకుతున్న కంప్యూటర్‌కి గొంతుంది కదా. హ్యామ్‌వాయిప్ ఇమేజ్ బూట్ అయ్యాక తన లోకల్ ఐపీ అడ్రస్‌ని అంకెలు అంకెలుగా చదివి వినిపిస్తుంది. మా ఇంకో రిపీటర్ దగ్గర అదే ఉంది. హ్యాండ్‌హెల్డ్ చెవి దగ్గర పెట్టుకుని, కాగితం మీద అంకెల గుంపులు నాలుగూ రాసుకున్నాను, పని అయిపోయింది. మీది ఏ ఇమేజో తెలియదు కాబట్టి రీబూట్ చేయాల్సి వస్తే హ్యాండ్‌హెల్డ్ ఆన్ చేసి వినండి. అయితే కరెంటు పీకి రీబూట్ చేయడం నాకు ఇష్టం ఉండదు. పాత ఎస్‌డీ కార్డులు ఆ దెబ్బకే పోతాయి. చివరి ప్రయత్నంగా మాత్రమే చేయండి.

చిన్న మానిటర్ మోసుకెళ్లగలిగితే ఇవేవీ లేకుండానే పని కావచ్చు. పై 3కి మామూలు హెచ్‌డీఎంఐ, పై 4, 5లకి మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి. పాత పైలలో బూట్ అయ్యేటప్పుడే మానిటర్ తగిలి ఉండాలి, తర్వాత తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది. పాస్‌వర్డ్ కూడా లేకపోతే కార్డు తీసి ఇంట్లో వేరే కంప్యూటర్‌లో తెరవాలి, ముందు దాని పూర్తి కాపీ తీసుకోకుండా అందులో ఒక్క ఫైలు కూడా మార్చకండి.

దొరికాక ఏం చేయాలన్నది మీరు అడగలేదు, కానీ మళ్లీ కొండ ఎక్కకూడదంటే అది కూడా అక్కడే చేసి రావాలి. అడ్రస్‌ని పై లోపల ఖాయం చేయకుండా రౌటర్‌లో రిజర్వేషన్ పెట్టించండి. అప్పుడు రౌటర్ మారినా పై ఏదో ఒక అడ్రస్ తీసుకుని నెట్‌లోకి వస్తుంది. బయటి నుంచి లోపలికి రావడానికి పోర్టులు తెరిపించే పద్ధతి 4జీ సిమ్‌లు, చిన్న ఇంటర్నెట్ కంపెనీల దగ్గర చాలాసార్లు పనిచేయదు, వాళ్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఎంతోమందికి పంచుతారు. రౌటర్‌కి బయటివైపు అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే ఖచ్చితంగా అదే పరిస్థితి. మేము పై కంప్యూటర్ నుంచే బయటికి వెళ్లే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ పెట్టాం. వైర్‌గార్డ్ అయినా, ఆటో ఎస్‌ఎస్‌హెచ్ అయినా ఫరవాలేదు, దారి లోపలి నుంచి బయటికి తెరుచుకోవడం ముఖ్యం. పుట్టుపాస్‌వర్డ్ రాస్‌బెర్రీ అని ఉంటే ఆ పూటే మార్చేయండి.

దూరం నుంచి కంట్రోల్ చేస్తున్నప్పుడు అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన హ్యామ్ నిబంధనలు, పార్ట్ 97లో ఒక షరతుంది. కంట్రోల్ లింకు పాడైతే ట్రాన్స్‌మిషన్ మూడు నిమిషాలకు మించకుండా ఆపే ఏర్పాటు ఉండాలి. పై హ్యాంగ్ అయి పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) నొక్కినట్టే ఉండిపోతే సాఫ్ట్‌వేర్ టైమర్ ఎలాగూ పనిచేయదు. కాబట్టి రేడియో లోపలే టైమ్‌ఔట్ టైమర్ ఆన్ చేసి ఉందో లేదో షెడ్‌లో ఉన్నప్పుడే చూసుకోండి. మాది ఆఫ్‌లో ఉంది, ఆ రోజే పెట్టాం.

చివరగా మా పెద్దాయన ఒక మందపాటి కార్డు మీద కాల్‌సైన్, మ్యాక్ అడ్రస్, హోస్ట్‌నేమ్, తేదీ రాసి బాక్స్ మూత లోపలివైపు అంటించారు. ఐపీ అడ్రస్ రాయలేదు. అది మారుతుంది, మ్యాక్ అడ్రస్ ఆ బోర్డుతోనే ఉంటుంది. అదే కార్డు ఫోటో ఇప్పుడు క్లబ్‌లో ముగ్గురి దగ్గర ఉంది, షెడ్ తాళం చెవులు ఇద్దరి దగ్గర.

మీ ఎస్‌డీ కార్డులో ఏ ఇమేజ్ ఉందో, పై ఏ మోడలో, రిపీటర్‌కి కర్టసీ టోన్ వస్తోందో లేదో రాయండి. దాన్ని బట్టి ముందు ఏది ప్రయత్నించాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను. వెళ్లే రోజు ముందే చెబితే ఆ సమయానికి ఫోన్ దగ్గర పెట్టుకుని ఉంటాను.